వణుకుకు డీబీఎస్సా, ఫోకస్డ్ అల్ట్రాసౌండా, ఇంకొన్నాళ్లు మాత్రలేనా?

"కోత లేదు, కుట్లు లేవు, మర్నాడే ఇంటికి పంపేస్తారు." ఫోన్‌లో ఏదో వీడియోలో ఈ మాట విని, నాన్న వణుకుకు ఆ ఫోకస్డ్ అల్ట్రాసౌండే చేయిద్దామని ముందే నిర్ణయించుకుని ఆసుపత్రికి బయల్దేరేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. నేను హైదరాబాద్‌లో ఫిజియోథెరపిస్టుని. పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల ఇళ్లకు వెళ్లి నడక, బ్యాలెన్స్ వ్యాయామాలు చేయిస్తుంటాను. డాక్టరు గదిలో మొహమాటపడి అడగని ప్రశ్నలన్నీ నా దగ్గరకు వస్తాయి. వాటిలో ఎక్కువసార్లు వినేది ఇదే: ఆపరేషన్ మంచిదా, ఆ కొత్త అల్ట్రాసౌండ్ మంచిదా?

కోత ఉందా లేదా అన్న ఒక్కటీ చూసి మాత్రం ఎంచుకోకండి. కోత లేని అల్ట్రాసౌండ్ పద్ధతిలో మెదడు లోపల కొన్ని మిల్లీమీటర్ల భాగాన్ని వేడితో శాశ్వతంగా చంపేస్తారు. పుర్రెకు రంధ్రం పెట్టే డీబీఎస్ (డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్) ఆపరేషన్‌లో మెదడు లోపల పెట్టిన తీగకు కరెంటు పెంచొచ్చు, తగ్గించొచ్చు, ఆపేయొచ్చు, అవసరమైతే తీగనే తీసేయొచ్చు. వినడానికి తేలిగ్గా ఉన్నదే వెనక్కి తీసుకోలేనిది. అలాగని అల్ట్రాసౌండ్ చెడ్డదని నేను అనడం లేదు. కొందరికి అదే సరైనది. ఎవరికి అన్నది తేల్చుకోవాలంటే యంత్రం పేరు దగ్గర కాకుండా మనిషి దగ్గర మొదలుపెట్టాలి.

అది ఏ వణుకు?

టీ కప్పు నోటిదాకా తెచ్చేలోపే ఒలికిపోతుంటే, సంతకం గీతలు గీతలుగా పోతుంటే, తల కూడా అడ్డంగా ఊగుతుంటే అది ఎసెన్షియల్ ట్రెమర్ కావడానికి అవకాశం ఎక్కువ. పని చేసేటప్పుడు వచ్చే వణుకు ఇది. చాలా ఇళ్లలో తండ్రికీ ఉంటుంది, మేనత్తకీ ఉంటుంది. పార్కిన్సన్స్‌ది వేరే తీరు. చెయ్యి ఒళ్లో పెట్టుకుని టీవీ చూస్తున్నప్పుడు బొటనవేలు, చూపుడువేలు జపమాల తిప్పుతున్నట్టు ఆడుతుంటాయి. సాధారణంగా ఒక వైపే మొదలవుతుంది. దాంతోపాటు పనిలో మందకొడితనం, బిగుసుకుపోవడం, రాత చిన్నదైపోవడం ఉంటాయి. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కేకలు వేస్తూ చేతులు విసరడం వంటివి కొందరిలో ఏళ్ల ముందే మొదలవుతాయి. అసలు వణుకే లేని పార్కిన్సన్స్ కూడా ఉంది.

ఇంకొకటుంది, దీన్ని నేను ఎన్ని ఇళ్లలో చెప్పినా ఇంకా చెప్పాల్సే వస్తోంది. ఇంట్లో ఉన్న మాత్రల డబ్బా మొత్తం న్యూరాలజిస్టు ముందు బోర్లించండి. లెవోసల్పిరైడ్ కలిసిన గ్యాస్ మాత్రలు, కళ్లు తిరుగుతున్నాయని నెలల తరబడి వాడే సిన్నారిజిన్, మైగ్రేన్‌కు ఇచ్చే ఫ్లూనారిజిన్, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ఇవన్నీ అచ్చం పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు తెప్పించగలవు. ఒకప్పుడు పది రోజులకు రాసిన చీటీ పట్టుకుని రెండేళ్లుగా మెడికల్ షాపులో అదే మాత్ర తెచ్చుకుంటున్నవాళ్లు మన ఊళ్లో తక్కువేం లేరు. డాక్టరు చెప్పి ఆ మందు మాన్పిస్తే చాలామందిలో కొన్ని వారాల్లోనో నెలల్లోనో లక్షణాలు తగ్గుముఖం పడతాయి. ఈ ఒక్క పని చేయకుండా ఆపరేషన్ గురించి ఆలోచించడం తొందరపాటు.

స్కానింగ్ మీద కూడా అపోహలున్నాయి. "ఎమ్మారై నార్మల్ వచ్చింది, అంటే జబ్బు లేనట్టే కదా?" అని అడుగుతారు. మామూలు పార్కిన్సన్స్‌లో ఎమ్మారై సాధారణంగా నార్మల్‌గానే కనిపిస్తుంది. గడ్డలు, పాత స్ట్రోకులు, మెదడులో నీరు చేరడం లాంటి వేరే కారణాలు లేవని తేల్చుకోవడానికే ముఖ్యంగా దాన్ని తీయిస్తారు. అసలు నిర్ధారణ డాక్టరు పరీక్ష మీదే జరుగుతుంది. అనుమానం మిగిలితే ట్రోడాట్ అనే డోపమైన్ స్కాన్ రాస్తారు. అది పార్కిన్సన్స్‌ను ఎసెన్షియల్ ట్రెమర్ నుంచి, మందుల వల్ల వచ్చిన వణుకు నుంచి విడదీయగలదు. పీఎస్‌పీ, ఎమ్‌ఎస్‌ఏ అనే దగ్గరి పోలికల జబ్బుల నుంచి మాత్రం విడదీయలేదు. ఆ రెండిట్లో డీబీఎస్ పెద్దగా ఉపయోగపడదు. అందుకే మొదటి ఒకటి రెండేళ్లలోనే తరచూ పడిపోవడం, లేచి నిలబడగానే బీపీ పడిపోవడం, మూత్రం ఆపుకోలేకపోవడం, కళ్లు కిందికి దించలేకపోవడం కనిపిస్తే దాచకుండా చెప్పాలి. ఖరీదైన స్కాన్ చెప్పలేని సంగతి ఇంట్లోవాళ్ల మాట చెబుతుంది.

మాత్రలు నిజంగానే చాలడం లేదా?

లెవోడోపా ఇప్పటికీ పార్కిన్సన్స్‌కు అన్నిటికన్నా గట్టి మందు. మన దగ్గర సిండోపా లాంటి పేర్లతో దొరుకుతుంది. "మాత్ర పనిచేయడం మానేసింది" అని నాతో అన్నవాళ్లలో కొందరు దాన్ని పప్పన్నంతోనో, గ్లాసెడు పాలతోనో, ఆమ్లెట్‌తోనో వేసుకుంటున్నారు. ఆ తిండిలోని ప్రొటీన్, ఈ మందు పేగుల్లో ఒకే దారిన లోపలికి పోతాయి, ఒకదానికొకటి అడ్డుపడతాయి. తినడానికి అరగంట నుంచి గంట ముందు వేసుకుంటే తేడా తెలుస్తుంది. ఏకాదశి ఉపవాసమని మాత్ర మానేయడం మాత్రం అస్సలు వద్దు. లెవోడోపాను ఒక్కసారిగా ఆపితే ఒళ్లు కొయ్యబారి, జ్వరం వచ్చి, ప్రాణం మీదికి రావచ్చు.

దూలగొండి గింజల పొడి గురించి కూడా అడుగుతుంటారు. ఆ గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది, అది నిజం. అందుకే డాక్టరుకు చెప్పకుండా మాత్రలకు తోడుగా వాడితే మోతాదు ఎంత పడుతోందో ఎవరికీ అంతుచిక్కదు, ఎక్కువైతే ఒళ్లు దానంతటదే మెలికలు తిరగడం మొదలవుతుంది.

ఇవన్నీ సరిచేసినా గాడిన పడనప్పుడు డాక్టర్లు వాడే కొండగుర్తు ఒకటుంది, 5-2-1 అంటారు. రోజుకు 5 సార్లో అంతకన్నా ఎక్కువో లెవోడోపా వేసుకోవలసి రావడం, రోజులో 2 గంటలు దాటి మాత్ర దిగిపోయి కదల్లేని స్థితిలో ఉండడం, 1 గంట దాటి ఒళ్లు మెలికలు తిరుగుతూ ఇబ్బంది పడడం. వీటిలో ఒకటి ఉన్నా మాత్రలను మించిన చికిత్స గురించి మాట్లాడాల్సిన సమయం వచ్చిందని లెక్క.

ఆ మాట్లాడేటప్పుడు పక్కన పెట్టుకోవాల్సిన సూత్రం ఇది: మంచి మోతాదు మాత్ర బాగా పట్టినప్పుడు మనిషి ఎంత బాగుంటాడో, డీబీఎస్ తర్వాత దాదాపు అంత బాగుంటాడు. రోజులో ఆ మంచి గంటలు పెరుగుతాయి. మాత్ర ఎంత పట్టినా పోని ఇబ్బంది ఆపరేషన్‌తోనూ సాధారణంగా పోదు. దీనికి పెద్ద మినహాయింపు వణుకు. మాత్రకు లొంగని వణుకు కూడా ఆపరేషన్‌కు లొంగుతుంది.

మల్కాజిగిరిలో నేను వెళ్లే ఒక ఇంట్లో పెద్దావిడకు పొద్దున్నే వంటింటి గడప దగ్గర కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. మడమలు లేవవు, వేళ్ల మీద సన్నగా అదురుతూ నిలబడిపోతారు. వెనక నుంచి కోడలు "నడువు అత్తమ్మా" అంటే ఇంకా బిగుసుకుపోతారు. గడపకు ఇవతల అడుగుకొకటి చొప్పున ఎర్ర టేపు అడ్డంగా అతికించాం, గీత దాటాలి అనుకుంటే కాలు లేస్తుంది. ఏడింటి మాత్ర వేసిన ముప్పావుగంటకు మాత్రం ఆవిడకు ఆ టేపుతో పనే లేదు, చేతిలో స్టీలు చెంబుతో గడప దాటి వెళ్లిపోతారు. ఇలాంటి వారికి డీబీఎస్ మేలు చేయడానికి అవకాశం ఎక్కువ. మాత్ర బాగా పట్టిన గంటలో కూడా గడప దగ్గర ఆగిపోయి పడిపోయేవాళ్లకు అంత ఆశ పెట్టలేం.

ఆసుపత్రిలో దీన్నే పద్ధతిగా కొలుస్తారు. రాత్రి నుంచి మందు ఆపి, పొద్దున్నే పరీక్ష చేసి మార్కులు వేస్తారు. తర్వాత మాత్ర ఇచ్చి, పట్టాక మళ్లీ మార్కులు వేస్తారు. 30 శాతమైనా మెరుగు కనిపిస్తేనే సాధారణంగా డీబీఎస్ వైపు అడుగు వేస్తారు. ఈ లెవోడోపా పరీక్ష చేయకుండానే ఆపరేషన్ తేదీ ఇస్తామంటే రెండో డాక్టరు దగ్గరకు వెళ్లండి.

డీబీఎస్

1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిడ్ బృందం ఈ పద్ధతికి దారి వేసింది. హైదరాబాద్‌లో నిమ్స్‌లోనూ, కొన్ని ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ చేస్తున్నారు. తలకు ఫ్రేమ్ బిగించి, ఎమ్మారై, సీటీ చిత్రాలను ఒకదానిపై ఒకటి కలిపి దారి లెక్కగడతారు. పుర్రెకు సుమారు 14 మిల్లీమీటర్ల రంధ్రం పెట్టి, ఒకటిన్నర మిల్లీమీటరు కూడా లేని సన్నటి తీగను లోపలికి దింపుతారు. చాలాచోట్ల ఈ దశలో రోగి మెలకువగానే ఉంటారు, "చెయ్యి చాపండి, ఒకటి నుంచి పది లెక్కపెట్టండి" అంటూ పరీక్షిస్తారు. తర్వాత మత్తిచ్చి, ఛాతీ పైభాగంలో చర్మం కింద బ్యాటరీ అమర్చి, మెడ చర్మం కింద నుంచి తీగతో కలుపుతారు.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. బ్యాటరీని కొన్ని వారాలకు ఆన్ చేస్తారు. ఏ కొన నుంచి ఎంత కరెంటు పంపాలి, దానికి తగ్గట్టు మాత్రలు ఎంత తగ్గించాలి అన్నది తేలడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. అన్నాళ్లూ ప్రోగ్రామింగ్‌కు తిరగాలి. ఆసిఫాబాద్ నుంచో అచ్చంపేట నుంచో వచ్చేవాళ్లు ఇది ముందే లెక్కలోకి తీసుకోవాలి, వెంట వచ్చే మనిషితో సహా.

ఫలితం సంగతి. 2009లో అచ్చయిన అమెరికా అధ్యయనంలో 255 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు డీబీఎస్, ఇంకో గుంపుకు మంచి మందుల వైద్యం ఇచ్చి చూశారు. ఆరు నెలలకు డీబీఎస్ వాళ్లకు మెలికలు లేని మంచి సమయం రోజుకు సగటున 4.6 గంటలు పెరిగింది. మందుల గుంపులో మార్పు లేదు. అదే అధ్యయనంలో తీవ్రమైన దుష్ప్రభావాలు కూడా డీబీఎస్ గుంపులోనే ఎక్కువ. మెదడులో రక్తస్రావం నూటికి ఒకరిద్దరికి జరగవచ్చు, పరికరం చుట్టూ ఇన్ఫెక్షన్ రావచ్చు, మాట ముద్దగా కావచ్చు. మతిమరుపు ముదిరినవాళ్లకు, డిప్రెషన్ అదుపులో లేనివాళ్లకు చేయరు. పార్కిన్సన్స్‌కే ఇచ్చే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ మాత్రల మీద ఉన్నవాళ్లు ఆన్‌లైన్ రమ్మీకి, అవసరం లేని కొనుగోళ్లకు అలవాటు పడితే అది ఆ మందు ప్రభావం కావచ్చు. సిగ్గుపడి దాచకండి, డాక్టరు నిర్ణయాన్ని అది మార్చగలదు.

బ్యాటరీలు రెండు రకాలు. రీచార్జ్ లేనిది మూడు నుంచి ఐదేళ్లకు మార్చాలి. రీచార్జ్ చేసేది పదిహేనేళ్ల వరకు వస్తుంది, మొదట్లో ఖరీదెక్కువ. ఇంట్లో ఒంటరిగా ఉండే వృద్ధులకు నేనైతే రీచార్జ్ లేనిదే మేలంటాను. చార్జింగ్ పెట్టడం మరిచిపోతే పరికరం ఆగిపోతుంది, వణుకూ బిగుతూ ఒక్కసారిగా మీద పడతాయి.

ఫోకస్డ్ అల్ట్రాసౌండ్

పూర్తి పేరు ఎమ్మారై గైడెడ్ ఫోకస్డ్ అల్ట్రాసౌండ్. తల నున్నగా గీసి, 1024 చిన్న ధ్వని వనరులున్న హెల్మెట్ లాంటిది తొడిగి, ఎమ్మారై యంత్రంలో పడుకోబెడతారు. ఒక్కో తరంగానికి శక్తి తక్కువ, పుర్రెను దాటి పోతుంది. అన్నీ కలిసే చోట మాత్రం వేడి పుడుతుంది. ముందు కొద్దిపాటి వేడితో పరీక్షిస్తారు. వణుకు తగ్గి, మూతి తిమ్మిరి లాంటివి రాకపోతే 55 నుంచి 60 డిగ్రీల దాకా తీసుకెళ్లి ఆ చోటును కాల్చేస్తారు. మధ్యమధ్యలో రోగి చేత కాగితం మీద సుడి గీయిస్తారు, మొదటి సుడికీ చివరి సుడికీ తేడా అక్కడికక్కడే కనిపిస్తుంది. లోపల రెండు మూడు గంటలు కదలకుండా ఉండాలి.

అమెరికాలో దీనికి 2016లో ఎసెన్షియల్ ట్రెమర్‌కు, 2018లో వణుకు ప్రధానంగా ఉన్న పార్కిన్సన్స్‌కు అనుమతి వచ్చింది. 2016 నాటి అధ్యయనంలో 76 మంది ఎసెన్షియల్ ట్రెమర్ రోగులున్నారు. నిజంగా చికిత్స పొందినవాళ్ల చేతి వణుకు స్కోరు మూడు నెలలకు 18.1 నుంచి 9.6కు పడింది. ఉత్తుత్తి చికిత్స ఇచ్చిన గుంపులో దాదాపు కదల్లేదు. అయితే ఏడాది తర్వాత కూడా నూటికి 14 మందికి తిమ్మిర్లు, 9 మందికి నడకలో తూలు మిగిలాయి. నడక నా పని కాబట్టి ఈ 9 నాకు చిన్న అంకెలా కనిపించదు. ఇదివరకే తూలుతున్న మనిషికి ఇది చేయించే ముందు రెండుసార్లు ఆలోచించండి.

పార్కిన్సన్స్‌లో వణుకుతోపాటు బిగుతు, మెలికలు కూడా తగ్గించడానికి వేరే చోట కాల్చే పద్ధతి ఉంది. 2023లో అచ్చయిన అధ్యయనంలో 94 మందిలో చికిత్స పొందినవాళ్లకు నూటికి 69 మందికి, ఉత్తుత్తి గుంపులో 32 మందికి మూడు నెలలకు మేలు కనిపించింది. ఉత్తుత్తి చికిత్సతోనే మూడోవంతు మందికి బాగైందంటే, వీడియోల్లో చూపించే ఒక్కో రోగి ఆనందాన్ని బట్టి మనం ఎందుకు నిర్ణయించుకోకూడదో అర్థమవుతుంది.

ప్రధానమైన పరిమితి ఏమిటంటే దీన్ని మామూలుగా ఒక వైపుకే చేస్తారు. ఒకేసారి రెండు వైపులా కాలిస్తే మాట, మింగుడు, బ్యాలెన్స్ దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎసెన్షియల్ ట్రెమర్‌లో రెండో వైపు చేయాలంటే కనీసం తొమ్మిది నెలలు ఆగుతారు. పుర్రె ఎముక స్వభావం కూడా కలిసిరావాలి, సీటీ తీసి సాంద్రత నిష్పత్తి చూస్తారు. అది బాగా తక్కువుంటే తరంగాలు లోపల సరిగ్గా కలవవు. ఎమ్మారైకి పనికిరాని పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు, ఇరుకులో ఊపిరాడనట్టు టెన్షన్ పడేవాళ్లకు కుదరదు. కొంతమందిలో ఏళ్లు గడిచాక వణుకు తిరిగి వస్తుంది.

ఎవరికి ఏది

బంగారం పని చేసే అరవై రెండేళ్ల ఆయనకు ఎసెన్షియల్ ట్రెమర్ అనుకుందాం. ప్రొప్రనొలాల్, ప్రిమిడోన్ రెండూ సరైన మోతాదులో వాడి చూశారు, చాల్లేదు. ఆయన బతుకు కుడిచేతి మీద ఉంది. నడక నిబ్బరంగా ఉంది. ఆయనకు ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ ముందు ఆలోచించదగ్గది. బ్యాటరీ గొడవ లేదు, ప్రోగ్రామింగ్ తిరుగుడు లేదు. రెండు చేతులూ, తలా, గొంతూ కూడా బాగా వణికే మనిషైతే నేను డీబీఎస్ గురించి గట్టిగా అడగమంటాను.

యాభై ఎనిమిదేళ్ల టీచరమ్మకు ఎనిమిదేళ్లుగా పార్కిన్సన్స్, రెండు వైపులా ఉంది, మాత్ర పట్టినప్పుడు క్లాసు చెప్పగలుగుతుంది, దిగితే కుర్చీలోంచి లేవలేదు. ఆవిడకు డీబీఎస్. జబ్బు ముందుకు పోయే కొద్దీ కరెంటును దానికి తగ్గట్టు మార్చుకుంటూ పోవచ్చు. ఒకసారి కాల్చిన మచ్చకు ఆ వీలు లేదు.

ఎనభై దాటి, గుండెకు స్టెంటు పడి, రక్తం పలుచన చేసే మాత్రలు ఆపలేని పెద్దాయనకు ఏ ఆపరేషనూ తొందరపడి వద్దు, అల్ట్రాసౌండ్‌కు కూడా ఆ మాత్రలు అడ్డే. మందుల వేళలు సరిచేయడం, వ్యాయామం, బాత్‌రూములో పట్టుకోవడానికి కడ్డీలు, ఇవే ఆయనకు ఎక్కువ మేలు చేస్తాయి. మధ్యలో ఉన్నవాళ్లకు చర్మం కింద సన్నటి సూదితో అపోమార్ఫిన్ ఎక్కించే పంపు ఒక దారి, మనదేశంలో దొరుకుతుంది. పాత రేడియోఫ్రీక్వెన్సీ పద్ధతిలో ఒకవైపు కాల్చడం ఇప్పటికీ ఉంది, పరికరం ఖర్చు భరించలేనివాళ్లు దాని గురించి అడగడంలో తప్పులేదు. రేడియేషన్ కిరణాలతో ఆ చోటును దెబ్బతీసే గామా నైఫ్ ఫలితం తెలియడానికి నెలలు పడుతుంది, చేసేటప్పుడు పరీక్షించి చూసే వీలుండదు.

డబ్బు, ఆ తర్వాతి జాగ్రత్తలు

డీబీఎస్ పరికరమే లక్షల్లో ఉంటుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. పరిమితి పెరిగినంత మాత్రాన ప్రతి చికిత్సా ప్యాకేజీలోకి రాదు. కాబట్టి ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గర మీ చికిత్స పేరు చెప్పి రాతపూర్వకంగా తెలుసుకోండి. ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉంటే పరికరం ధర, బ్యాటరీ మార్పిడి, ప్రోగ్రామింగ్ ఫీజులు మూడూ విడివిడిగా అడగండి. ఫోకస్డ్ అల్ట్రాసౌండ్ యంత్రం కొద్ది ఆసుపత్రుల్లోనే ఉంటుంది. అక్కడికి వెళితే ఒకటి అడగండి: "మీ దగ్గర డీబీఎస్ కూడా చేస్తారా?" రెండూ చేసే చోట దొరికే సలహాకు విలువ ఎక్కువ.

డీబీఎస్ చేయించుకున్నవాళ్లకు నా వృత్తి తరఫున ఒక హెచ్చరిక. మోకాలి నొప్పికో నడుము నొప్పికో వీధి చివరి ఫిజియో క్లినిక్‌కు వెళితే షార్ట్‌వేవ్ డయాథర్మీ (ఒంట్లోపల వేడి పుట్టించే యంత్రం) పెట్టించుకోకండి. ఆ శక్తి తీగ వెంట మెదడులోకి చేరి కణజాలాన్ని కాల్చేస్తుంది, దీనివల్ల ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. మోకాలికే కదా అనుకోవద్దు, ఒంట్లో ఎక్కడ పెట్టినా ప్రమాదమే. పరికరం కార్డు ఎప్పుడూ పర్సులో ఉంచుకోండి. మెట్రో స్టేషన్‌లో, ఎయిర్‌పోర్టులో అది చూపించి, చేతి స్కానర్‌ను ఛాతీ మీద ఆపి ఉంచవద్దని చెప్పండి. ఎమ్మారై తీయాల్సి వస్తే ముందు పరికరం మోడల్ చూపించాలి, కొన్నిటికి షరతులతోనే తీస్తారు.

ఓపీలో మీకు దొరికేది పది నిమిషాలు. అందుకని వెళ్లే ముందు మూడు రోజులు ఒక నోటుబుక్కులో గంట గంటకూ రాయండి: మాత్ర ఎప్పుడు వేశారు, ఎప్పుడు పట్టింది, ఎప్పుడు దిగింది, మెలికలు ఎప్పుడు వచ్చాయి. మాత్ర దిగినప్పుడు ఒకటి, బాగా పట్టినప్పుడు ఒకటి, నిమిషం నిడివి వీడియోలు తీయండి. కుర్చీలోంచి లేవడం, గుమ్మం దాటడం, వెనక్కి తిరగడం, గ్లాసుతో నీళ్లు తాగడం అందులో కనిపించాలి. మొహం, పాదాలు రెండూ ఫ్రేములోకి వచ్చేలా ఫోన్ అడ్డంగా పట్టుకోండి.